ఏడు వారాల సెలవులు, పదేళ్ల అమ్మాయి: వేసవిని ఎలా గడిపించాలి?

ఒంటిపూట బడులు మొదలైన రోజు నుంచే తల్లులకు ఈ బెంగ పట్టుకుంటుంది. తెలుగు రాష్ట్రాల్లో ఏప్రిల్ నాలుగో వారంలో మూతపడిన బడులు మళ్లీ తెరుచుకునేది జూన్ 12న. అంటే సుమారు ఏడు వారాలు. చిన్నపిల్లలైతే ఇసుకలో, నీళ్లలో వాళ్ల లోకం వాళ్లకు ఉంటుంది. పదిహేనేళ్ల వాళ్లకు తమ స్నేహాలు, తమ చదువులు ఉంటాయి. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల మధ్య అమ్మాయిలే ఎటూ కాకుండా ఉండిపోతారు. బొమ్మలు అటక మీదకు వెళ్లిపోయాయి, వాటి స్థానంలోకి ఇంకా ఏదీ రాలేదు.

ఈ వయసు గురించి ఒక సంగతి ముందే చెప్పాలి. ఆరేళ్ల పిల్ల వీధిలో పరుగులు తీస్తే ఎవరూ ఏమీ అనరు. పదేళ్లు వచ్చేసరికి మాట మారుతుంది. "పెద్దదానివవుతున్నావు, ఇంకా వీధిలో ఆటలేమిటి?" అని ఒకరు అంటారు, ఇంకొకరు తలూపుతారు. అదే వయసు అబ్బాయి సైకిలెక్కి పక్క వీధికి, ఆ తర్వాత పక్క పేటకు వెళ్లి వస్తుంటాడు. అమ్మాయి మాత్రం ఒక్కో వేసవికి ఒక్కో అడుగు వెనక్కి వస్తుంది. వీధి చివర నుంచి గేటు దాకా, గేటు నుంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి సోఫా దాకా. ఆ సోఫా మీద చేతిలోకి ఫోను వస్తుంది. తర్వాత మనమే పిల్ల ఫోను వదలడం లేదని బాధపడతాం. నేను చెప్పబోయే పద్ధతి అంతా ఈ నడకకు ఎదురు నడక. ఈ ఏడు వారాలు పూర్తయ్యేసరికి తను ధైర్యంగా తిరిగే నేల పెరగాలి.

ఖాళీగా ఉంది కదా అని అమ్మాయి చేతికి చీపురు, చంకకు తమ్ముణ్ణి అప్పగించడం చాలా ఇళ్లలో జరుగుతుంది. ఇంటి పనులు పిల్లలందరికీ రావాలి, మగపిల్లలకూ అంతే రావాలి. కంచాలు తీయడం, ఉతికిన బట్టలు మడవడం, కుండీలకు నీళ్లు పోయడం సమానంగా పంచండి. రోజుకు అరగంట చాలు. మిగిలిన రోజు తనది.

మొదటి నాలుగు రోజులు

ఏమీ చేయించకండి. పరీక్షలు రాసి వచ్చిన పిల్ల, పడుకున్నంతసేపు పడుకోనివ్వండి. బడి మూసిన మర్నాడే క్లాసుల్లో చేర్పించడం నాకు నచ్చదు. నాలుగో రోజుకో, ఐదో రోజుకో "అమ్మా, ఏమీ తోచడం లేదు" అంటూ వస్తుంది. మీరు ఎదురుచూడాల్సింది ఆ మాట కోసమే. వెంటనే సమాధానం చెప్పకుండా, ఒక నోటుపుస్తకం తీసుకుని పక్కన కూర్చోండి. మూడే ప్రశ్నలు అడగండి. ఏం నేర్చుకోవాలని ఉంది? ఏ పనంటే భయంగా ఉంది? మేమెవరమూ లేకుండా నువ్వొక్కదానివే వెళ్లి రావాలనిపించే చోటు ఏది?

మూడో ప్రశ్నకు పిల్లలు చెప్పే సమాధానాలు చాలా చిన్నవిగా ఉంటాయి. వీధి చివరి దుకాణం, స్నేహితురాలి ఇల్లు, నీళ్ల ట్యాంకు పక్కన ఉన్న పార్కు. ఆ చిన్న కోరికను కొట్టిపారేయకుండా రాసుకోండి. వేసవి మొత్తాన్ని దాని చుట్టూ కట్టవచ్చు.

రోజును ఎండ విడగొట్టాలి

గడియారం చూసి కాలపట్టిక గీయనక్కర్లేదు, ఎండే గీసి పెడుతుంది. తెల్లవారుజామున ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా బయట. ఆ తర్వాత పదకొండు దాకా చేతిపని. పదకొండు నుంచి నాలుగు దాకా నీడపట్టునే ఉండాలి. ఐదు నుంచి ఏడు దాకా మళ్లీ బయట. రాత్రి మేడ మీద. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె మొదలయ్యాక బయటి సమయాన్ని రెండు వైపులా మరో అరగంట తగ్గించండి.

వడదెబ్బ గురించి తనకే నేర్పండి. దాహం వేయకముందే నీళ్లు తాగాలి. మజ్జిగ తేటలో ఉప్పు వేసుకుని తాగాలి. ఓఆర్ఎస్ పొట్లం లేనప్పుడు ఇంట్లో కలుపుకునే కొలత పిల్ల నోట నిలవాలి: ఒక లీటరు శుభ్రమైన నీటికి ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచాను తలగొట్టి కొలవాలి. ఎవరైనా ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ కనిపిస్తే నీడకు చేర్చి, ఒంటిని తడిగుడ్డతో తుడుస్తూ 108కి ఫోన్ చేయాలని కూడా చెప్పండి. పదేళ్ల పిల్లకు ఇది భారం అవుతుందేమోనని అనుకోకండి. తన మీద నమ్మకంతో చెప్పిన పెద్ద విషయాన్ని ఈ వయసు పిల్లలు ఎంతో శ్రద్ధగా పట్టుకుంటారు.

అసలు పని: వీధి పటం

సెలవుల్లో పది పనులు మొదలుపెట్టి పదీ వదిలేయడం కంటే, మొదటి నుంచి చివరి దాకా తనదే అయిన ఒక పెద్ద పని ఉండాలి. నేను రెండు వేసవులుగా మా అమ్మాయితో, మా మేడమీద ఇంటి పిల్లలతో చేయిస్తున్నది పటం గీయడం. మన ఇల్లు, మన వీధి, మన పేట. అచ్చులో దొరికే పటం కాదు, తన కాళ్లతో కొలిచి గీసేది. పల్లెలోనూ చేయవచ్చు, అపార్ట్‌మెంటులోనూ చేయవచ్చు.

కావలసినవి: ఒక గళ్ల నోటుపుస్తకం, పెన్సిలు, రబ్బరు, పట్టుకుని రాయడానికి ఒక అట్ట, 10 మీటర్ల తాడు, ఒక ఎర్ర స్కెచ్ పెన్ను.

ముందు తన అడుగును తను కొలుచుకోవాలి. పొద్దున్నే వీధిలో తాడు పరిచి, దాని పక్కన మామూలుగా నడవమనండి. మూడుసార్లు నడిచి, ఎన్ని అడుగులు పట్టాయో రాసి, సగటు తీయాలి. 18 అడుగులు పట్టాయనుకుందాం. 10 మీటర్లను 18తో భాగిస్తే ఒక్కో అడుగు సుమారు 56 సెంటీమీటర్లు. భాగహారం మీరు చేసిపెట్టకండి. ఆ రోజు నుంచి తన కాళ్లే కొలబద్ద. దుకాణం ఎంత దూరమని అడిగితే "212 అడుగులు" అంటుంది, అడుగును బట్టి మీటర్లు కూడా చెబుతుంది. దశాంశాలు కష్టమని బడిలో ఏడ్చిన పిల్ల వీధిలో వాటిని ఇష్టంగా వాడటం నేను చూశాను.

తర్వాత ఉత్తరం కావాలి. పటానికి ఉత్తరం లేకపోతే అది బొమ్మే. రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య మేడ మీదకు వెళ్లండి. మే నెలలో ఆ వేళకు సప్తర్షి మండలం ఉత్తరం వైపు బాగా ఎత్తులో ఉంటుంది. నాలుగు నక్షత్రాలు మంచం కోళ్లలా, మూడు తోకలా కనిపిస్తాయి. మంచం కోళ్లలో తోకకు దూరంగా ఉన్న రెండూ పులహుడు (పైనున్నది), క్రతువు (కిందున్నది). పులహుడి నుంచి క్రతువు మీదుగా ఒక గీత ఊహించుకుని, ఆ రెండింటి మధ్య దూరానికి ఐదింతలు ముందుకు వెళితే ధ్రువుడు దొరుకుతాడు. మన ప్రాంతంలో ధ్రువుడు చాలా కిందుగా ఉంటాడు. ఎంత అక్షాంశమో అంతే ఎత్తు, హైదరాబాదులో 17 డిగ్రీల పైచిలుకు. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు కాబట్టి నేల గీత నుంచి రెండు పిడికిళ్లకు కాస్త తక్కువలో వెతకాలి. ఎదురుగా భవనం అడ్డుంటే ఆ దిక్కును మాత్రం గుర్తుపెట్టుకోండి. మేడ నేల మీద సుద్దతో ఉత్తర దక్షిణాల గీత గీయించండి. పనిలో పనిగా తోకలో మధ్యనున్న వశిష్ఠుణ్ణి, పక్కనే మసకగా మెరిసే అరుంధతిని చూపించండి. పెళ్లిలో దంపతులకు చూపించేది ఈమెనే. తోక వంపునే సాగదీస్తూ పోతే స్వాతి, ఇంకా కిందకు వెళితే చిత్త.

మర్నాడు తెల్లవారుజామున ఆ సుద్దగీత దగ్గర నిలబడి సూర్యోదయం చూడాలి. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని పుస్తకంలో ఉంది. మే నెల మధ్యలో చూస్తే, సరైన తూర్పుకు రెండు పిడికిళ్ల మేర ఉత్తరంగా ఉదయిస్తూ కనిపిస్తాడు. దానికి కారణం ఏమిటని అడిగితే చెప్పకండి, నాలుగైదు రోజులు ఆలోచించనివ్వండి. ఈ సెలవుల్లోనే ఇంకో అద్భుతం కూడా ఉంది. సూర్యుడు సరిగ్గా నెత్తి మీదకు వచ్చే మధ్యాహ్నం నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. తిరుపతిలో ఏప్రిల్ 26, విజయవాడలో మే 6, హైదరాబాదులో మే 9, విశాఖపట్నంలో మే 10 దగ్గర దగ్గరగా ఇది జరుగుతుంది. హైదరాబాదులో సుమారు 12 గంటల 12 నిమిషాలకు. ఎండలో పది నిమిషాలకు మించి నిలబడకుండా, టోపీ పెట్టుకుని, ఒక గ్లాసును బోర్లించి దాని నీడ మాయమవడం చూడమనండి.

ఇక గీయడం. మొదటి వారం ఇల్లు మాత్రమే. రెండో వారం వీధి, ఒక్కో గడికి 10 అడుగుల లెక్కన. చెట్లు, కరెంటు స్తంభాలు, కుళాయిలు, ముగ్గు పెట్టే గుమ్మాలు, కుక్క ఉన్న ఇల్లు, కోకిల కూసే చెట్టు, అన్నిటికీ గుర్తులు తనే కనిపెట్టుకోవాలి. కోకిల గురించి ఒక మాట: కూస్తూ వినిపించే నల్లనిది మగది, ఆడది గోధుమరంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది. అది కాకి గూట్లో గుడ్లు పెట్టేది ఈ కాలంలోనే. కాకులు కోకిలను తరుముతున్న చోటును పటంలో గుర్తు పెట్టుకుంటే, అక్కడే ఎక్కడో గూడు ఉంటుంది.

మూడో వారం నుంచి వీధి దాటాలి. గ్రంథాలయం, తపాలా కార్యాలయం, కూరగాయల బండి ఆగే చోటు. పల్లె అయితే చెరువు కట్ట, తూము, అలుగు, నీళ్ల ట్యాంకు. మొదటిసారి మీరు పక్కన నడవండి. రెండోసారి ఇరవై అడుగులు వెనక నడవండి. మూడోసారి ఇద్దరు స్నేహితురాళ్లు కలిసి వెళ్లి, చెప్పిన సమయానికి తిరిగి రావాలి. తొమ్మిదేళ్ల పిల్లకు వీధి చివరి దాకా చాలు. పన్నెండేళ్ల పిల్ల ఇంకొక పిల్లతో కలిసి గ్రంథాలయానికి వెళ్లి రాగలదు. ఎంత దూరం అన్నది మీ ఊరిని, రోడ్లను బట్టి మీరే తేల్చుకోవాలి. కానీ సెలవుల మొదట్లో ఉన్న దూరం, చివర్లో ఉన్న దూరం ఒకటే అయితే ఏదో లోపం ఉందని అనుకోండి.

ఆ చోట్లలో తనకు పని ఉండాలి. శాఖా గ్రంథాలయంలో తన పేరు మీద సభ్యత్వం తీసుకోవాలి. మన గ్రంథాలయాలు మామూలువి కావు, వేటపాలెంలోని సారస్వత నికేతనం 1918లో పుట్టింది, హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891 నాటిది. అలాంటి చోటికి ఒకసారి తీసుకెళ్తే, తన పేటలోని చిన్న గ్రంథాలయాన్ని కూడా పిల్ల గౌరవంగా చూస్తుంది. తపాలా కార్యాలయంలో పదేళ్లు నిండిన పిల్లలు తమ పేరు మీదే పొదుపు ఖాతా తెరిచి, తామే నడుపుకోవచ్చు. 500 రూపాయలతో మొదలవుతుంది. ఫారం నింపడం, సంతకం చేయడం, కిటికీ దగ్గర నిలబడి "అండీ, ఇది ఎక్కడ ఇవ్వాలి?" అని అడగడం, అన్నీ తనే చేయాలి. మీరు బెంచీ మీద కూర్చోండి. గుమస్తా మీ వైపు చూసి అడిగినా "ఖాతా పాపదండీ, పాపనే అడగండి" అనండి.

నాలుగో వారంలో పెద్దవాళ్లను అడగడం. ఈ వీధికి ఆ పేరు ఎలా వచ్చింది? ఇళ్లు రాకముందు ఇక్కడ ఏముండేది? ఎక్కడ బావి ఉండేది? మా అమ్మాయి ఇలాగే పక్కింటి తాతగారిని అడిగి, మా వెనక సందు ఒకప్పుడు వాననీటి కాలువ అని తెలుసుకుంది. ప్రతి వానకూ ఆ సందులోనే నీళ్లు ఎందుకు నిలుస్తాయో ఆ రోజు మా ఇద్దరికీ అర్థమైంది.

ఇప్పుడు ఎర్ర పెన్ను సంగతి. పటంలో తనకు భయం వేసే చోట్లన్నీ ఎర్ర చుక్కతో గుర్తు పెట్టమనండి. మూత లేని మ్యాన్‌హోలు, తెరిచి ఉన్న ట్రాన్స్‌ఫార్మరు, రాత్రి దీపం వెలగని మలుపు, కరిచే కుక్క. ఎందుకు పెట్టావని వెంటనే ప్రశ్నించకండి. మా అమ్మాయి మొదటి ఏడాది పటంలో నేను రోజూ పాలకు పంపే దుకాణం మీద ఎర్ర చుక్క ఉంది. దాని ముందు నిలబడే కొందరు పెద్ద అబ్బాయిలు ఏవో మాటలు అంటున్నారట. ఐదు నెలలుగా తను చెప్పలేదు, నేను అడగలేదు. "ఎవరైనా ఏమైనా అంటున్నారా?" అని అడిగితే ఏ పిల్లా చెప్పదు. పటం మీద చుక్క పెట్టడం మాత్రం తేలిక. ఆ సాయంత్రం నేను, ఇంకో ఇద్దరు తల్లులు వెళ్లి దుకాణదారుతో మాట్లాడాం, ఆ గుంపు అక్కడ నిలబడటం ఆగింది. అమ్మాయిని దుకాణానికి పంపడం మాత్రం ఆపలేదు. ఎర్ర చుక్క ఉన్న ప్రతి చోటికీ పిల్లను దూరం చేస్తే చివరికి పటంలో ఇల్లొక్కటే మిగులుతుంది. చుక్క తీసేయడానికి పెద్దవాళ్లు ఏం చేయగలరో చూడాలి. వీధి దీపం గురించి మున్సిపాలిటీకో పంచాయతీకో అర్జీ పెట్టాల్సి వస్తే, రాయడం పిల్లతోనే రాయించండి.

బయటకు పంపేముందు నాలుగు విషయాలు నోటికి రావాలి: ఇద్దరు పెద్దవాళ్ల ఫోన్ నంబర్లు, అత్యవసర సహాయానికి 112, పిల్లల సహాయానికి 1098. ఇక నాలుగోది ఇంటి రహస్య మాట. "మీ అమ్మ పంపింది, రా" అని ఎవరైనా అంటే ఆ మాట చెప్పమని అడగాలి. చెప్పలేకపోతే తెలిసినవాళ్లయినా సరే, వెళ్లకూడదు.

సాయంత్రం ఆటకు వంతుల కాపలా

అమ్మాయిలు బయట ఆడటం మానేయడానికి పెద్ద కారణం జత లేకపోవడం. ఒక్క పిల్లను ఏ తల్లీ పంపదు, ఆరుగురు ఉంటే అందరూ పంపుతారు. కాబట్టి మీరే మొదలుపెట్టాలి. ఆ వయసు అమ్మాయిలున్న నలుగురు తల్లులతో మాట్లాడండి. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా రోజుకొకరు అరుగు మీదో, పార్కు బెంచీ మీదో కూర్చుంటే చాలు. వారానికి ఒకటో రెండో రోజులు వంతు వస్తుంది. కూర్చున్నవాళ్లు ఆటలో జోక్యం చేసుకోకూడదు, గొడవలు తీర్చకూడదు, ఉండటమే పని. వంతుల్లో నాన్నలను కూడా వేయండి.

ఏం ఆడాలో చెప్పనక్కర్లేదు. ఏడు పెంకులాట, ఖోఖో, తొక్కుడు బిళ్ల, నేలా బండా ఒకసారి నేర్పితే మిగిలిన నియమాలు వాళ్లే పుట్టిస్తారు. అమ్మాయిలకు క్రికెట్ బ్యాటు ఇవ్వండి. పరుగెత్తడానికి వీలైన బట్టలు వేయండి, ఓణీలూ పొడుగు గౌన్లూ పండుగలకు ఉంచండి.

సైకిలు రాని పిల్లకు ఈ వేసవిలోనే రావాలి. వెనక పట్టుకుని పరుగెత్తే పాత పద్ధతి వద్దు. పెడళ్లు రెండూ ఊడదీయించి, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేలా సీటు దించండి. కాళ్లతో నెట్టుకుంటూ జారడం నాలుగైదు రోజులు సాధన చేస్తే తూకం దానంతట అదే వస్తుంది. అప్పుడు పెడళ్లు బిగించండి. నేర్చుకోవడానికి తన ఎత్తుకు పెద్దదైన సైకిలు "రేపటికి కూడా పనికొస్తుంది" అని కొనకండి, భయం పెరుగుతుంది. అద్దెకో, ఎరువుకో తెచ్చినా సరిపోతుంది.

ఈత కూడా అంతే ముఖ్యం. మన దగ్గర ప్రతి వేసవిలోనూ చెరువుల్లో, కాలువల్లో పిల్లలు ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. ఈత రాని పిల్లను నీటి అంచుకు వెళ్లనివ్వకండి, వచ్చిన పిల్లను కూడా పెద్దవాళ్లు లేకుండా కాలువలో దిగనివ్వకండి. ఈత కొలనులో ఆడవాళ్ల వేళలు, ఆడ శిక్షకురాలు ఉన్నారేమో కనుక్కుని చేర్పించండి. తల్లీకూతుళ్లు కలిసి నేర్చుకుంటే ఇంకా మంచిది.

నీడపట్టున

మధ్యాహ్నాలు పొడుగ్గా ఉంటాయి. అటక మీది వామనగుంటల పీట దించండి. ఒక్కో వైపు ఏడు గుంటలు, గింజలు పంచుతూ పోతే ఎక్కడ ఆగుతుందో ముందే లెక్కగట్టే పిల్లే గెలుస్తుంది. అష్టాచెమ్మాకు సుద్దముక్క, నాలుగు గవ్వలు చాలు. ఆటలు అయ్యాక పుస్తకాలు, పుస్తకాల మీద నిద్ర. ఆ నిద్రను చెడగొట్టకండి.

పొద్దుటి చేతిపనికి నేను తాండ్రను ఎంచుకుంటాను. ఒక లీటరు వడకట్టిన తియ్యటి మామిడి రసంలో పావు కిలో పంచదార కరిగించి, నెయ్యి రాసిన పళ్లెంలో పల్చగా ఒక పొర పోయాలి. పల్చటి గుడ్డ కప్పి మేడ మీద ఎండబెట్టి, సాయంత్రం లోపల పెట్టాలి. మర్నాడు దాని మీద ఇంకో పొర. మిగిలిన రసం ఫ్రిజ్‌లో ఉంచాలి. ఆరేడు పొరలయ్యాక కత్తితో కోయవచ్చు. ఆత్రేయపురంలో ఇలాగే పొర మీద పొర వేసి ఎండబెడతారు. దీన్ని వంట నేర్పడంగా చూడకండి. పళ్ల ధర, పంచదార ధర, ఎన్ని ముక్కలు వచ్చాయి, ముక్కకు ఎంత పడింది, అన్నీ పద్దు రాయించండి. ఇరుగుపొరుగుకు అమ్మితే వచ్చిన డబ్బు తపాలా ఖాతాలోకి వెళ్లాలి.

కరెంటు మీటరు చూడటం ఇంకో మంచి పని. రోజూ ఉదయం ఏడు గంటలకు అంకె రాసుకోవాలి. 75 వాట్ల ఫ్యాను సుమారు 13 గంటలు తిరిగితే ఒక యూనిట్ అని తనే లెక్కకట్టాక, ఏసీ వేసిన రోజుకూ వేయని రోజుకూ తేడా తనే మీకు చెబుతుంది.

తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో ఈ మధ్యాహ్నాలే అసలు చిక్కు. తాళం వేసి వెళ్లడం పరిష్కారం కాదు. ఇలాంటి అవస్థలోనే ఉన్న రెండు మూడు కుటుంబాలు కలిసి, ఒకే ఇంట్లో పిల్లలను ఉంచి, నమ్మకమైన ఒక పెద్దావిడకు జీతం ఇచ్చి పెట్టుకోవచ్చు. ఒక్కొక్కరు వారానికి ఒక రోజు సెలవు పెట్టుకునే వీలుంటే అది ఇంకా మేలు. సమ్మర్ క్యాంపులో చేర్పించేవాళ్లు ఫీజు కన్నా ముందు మూడు సంగతులు చూడాలి: మరుగుదొడ్డి ఎలా ఉంది, ఆడ సిబ్బంది రోజంతా ఉంటారా, మీరు చెప్పకుండా మధ్యలో వెళ్తే లోపలికి రానిస్తారా. రానివ్వకపోతే చేర్పించకండి. ఒకటికి మించి క్లాసులు వద్దు.

ఫోను

నిషేధిస్తే దొంగతనం నేర్చుకుంటారు. మధ్యాహ్నం ఒక గంట, అందరి కళ్ల ముందు, హాల్లో. రాత్రి తొమ్మిదికి ఇంట్లో ఫోన్లన్నీ ఒకే బల్ల మీదకు చేరాలి, మీది కూడా. మీది చేరకపోతే ఈ నియమం మూడు రోజులు కూడా నిలవదు.

అమ్మమ్మ ఊరు

పది రోజులైనా పంపండి. పంపేటప్పుడు పది పోస్టుకార్డులు సంచిలో పెట్టండి. కార్డు ధర 50 పైసలే, అందులో పట్టేది పది పన్నెండు వాక్యాలే, కాబట్టి రాయడం బరువనిపించదు. పటం పుస్తకం కూడా వెంట వెళ్లాలి. అమ్మమ్మ చిన్నప్పుడు ఎక్కడి దాకా ఒంటరిగా వెళ్లేదో ఆమెనే అడిగి, ఆ దారిని వేరే రంగుతో గీయమనండి. మా అమ్మ గీయించిన గీత రెండు మైళ్లు ఉంది, పొలాల మీదుగా పక్క ఊరి సంత దాకా.

వాయిదా వేయకూడని మాట

ఈ వయసులోనే కొందరు పిల్లలకు మొదటిసారి నెలసరి వస్తుంది. తొమ్మిది, పదేళ్లకే వచ్చేవాళ్లూ ఉన్నారు. బడిలో మొదటిసారి రక్తం చూసి, తనకేదో జబ్బు చేసిందని వణికిపోయిన పిల్లలు మనలోనే ఎంతోమంది. వేసవి మధ్యాహ్నం, ఇద్దరే ఉన్నప్పుడు, చేతిలో ఏదో పని పెట్టుకుని చెప్పండి. ఒక్కసారే అంతా చెప్పేయకండి, మూడు నాలుగు రోజుల్లో ముక్కలు ముక్కలుగా. ఎందుకు వస్తుంది, ఎన్ని రోజులుంటుంది, ప్యాడ్ ఎలా పెట్టుకోవాలి, ఎన్ని గంటలకు మార్చాలి, ఎలా చుట్టి పారేయాలి. మంచి ప్యాడ్ ఒకటి ఇచ్చి, దాని మీద నీళ్లు పోసి ఎంత పీల్చుకుంటుందో చూడమనండి. పాత నూలు చీర ముక్కతో ఒక చిన్న సంచి తనే కుట్టుకుంటే, అందులో రెండు ప్యాడ్లు, ఒక లోదుస్తు, ఒక కాగితపు కవరు పెట్టి బడి సంచిలో ఉంచవచ్చు. నాన్నకు కూడా ఈ విషయం తెలుసని, అడిగితే ఆయనే తెచ్చిపెడతారని తనకు తెలియాలి. వచ్చాక ఆటలు మానేయాలని మాత్రం చెప్పకండి. ఆ మాటతోనే సైకిళ్లు మూలన పడతాయి.

చివరి వారం

నిద్ర లేచే సమయం ఆలస్యమై ఉంటే, జూన్ మొదటి వారంలో దాన్ని రోజుకు పది నిమిషాల చొప్పున ముందుకు తెండి. పుస్తకాలకు అట్టలు వేయడం, యూనిఫాం పొడవు చూసుకోవడం ఒక పూట పని. పటాన్ని పెద్ద డ్రాయింగు షీటు మీద మళ్లీ గీయించి, తారీఖు వేయించి, గోడకు పెట్టండి. ఇంకా మిగిలిన ఎర్ర చుక్కలు ఎన్నో లెక్కపెట్టి రాసుకోండి, వాటి పని వానాకాలంలో కూడా సాగాలి.

బడి తెరవడానికి ముందు రోజు, అంటే జూన్ 11 సాయంత్రం, బడి దాకా ఒకసారి వెళ్లి రండి. రోజూ ఆటోలోనో బస్సులోనో వెళ్లే దారే అయినా, ఈసారి నడిచి, లేదా సైకిలు మీద. దారి తనే చెప్పాలి, మలుపులు తనే తీసుకోవాలి, రోడ్డు ఎక్కడ దాటాలో తనే తేల్చాలి. మీరు ఇరవై అడుగులు వెనక ఉండండి.